తొమ్మిదో అంకె

2022లో నేను సఖినేటిపల్లి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారిని. అప్పటికి ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆ ఏడు జిల్లా గణిత ప్రదర్శనకి మా స్కూలు తరఫున తొమ్మిదో తరగతి భవానిని పంపాం. వాళ్ల నాన్న చెట్లెక్కి కొబ్బరి దింపు తీస్తాడు. అక్కడ నెగ్గితే రాష్ట్ర పోటీలకి తీసుకెళ్తారు. ఆ పిల్ల అప్పటిదాకా అమలాపురం దాటి వెళ్లలేదు.

ఆమె చార్టుకి మూలం నేను క్లాసులో చెప్పిన 73939133. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా పోనిది ప్రధాన సంఖ్య. ఇది అలాంటిదే. చివరి అంకె చెరిపితే మిగిలే 7393913 కూడా ప్రధానమే. ఇంకోటి చెరిపినా అంతే. అలా ఆఖరికి మిగిలే ఏడు దాకా ఎక్కడా తేడా రాదు.

భవాని చెరపడంతో ఊరుకోక చివర ఇంకో 3 చేర్చింది. 739391333. మా క్లాసు గోడ మీద నూరు లోపు ప్రధాన సంఖ్యల పట్టిక ఉంది. అందులో 97 దాకా అన్నిటితో భాగించింది, దేనితోనూ పోలేదు. నేనూ పైపైన చూసి చార్టు పై వరుసలో రాసెయ్యమన్నాను. వర్గమూలం దాకా, అంటే ఇక్కడ ఇరవై ఏడు వేల దాకా, ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించి చూడాలని ఏటా నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేది నేనే. ఫోనులో చూసుకోవచ్చు కదా అంటారు. చూడలేదు. మా స్కూలు పేరు పేపర్లో పడుతుందన్న యావలో ఉన్నాను.

ప్రదర్శన రోజు బస్సులో ఆ పిల్ల ఊరికే కూర్చోలేక రఫ్ నోటులో 101 నుంచి మొదలుపెట్టింది. మామిడికుదురు దాటాక నోటు నా చేతికిచ్చింది. 127తో సరిగ్గా పోయింది. భాగఫలం 5821979. గుణించి చూశాను, తప్పు లేదు.

జడ్జీలెవరూ 127 దాకా వెళ్లరని, ఇప్పుడు చార్టు కదపొద్దని చెప్పాను. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

"ఆయ్," అని నోటు వెనక్కి తీసుకుంది. తర్వాత మెల్లిగా, "మరి నన్నడిగితే ఏం చెప్పమంటారండీ?" అంది.

ప్రదర్శన దగ్గర బస్సు దిగాం. చార్టు తగిలించే ముందు తనే పై వరుస మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన '127తో పోయింది' అని రాసింది. జడ్జి గారు ఆ కొట్టివేత చూసి మొహం చిట్లించి ముందుకెళ్లిపోయారు. రాష్ట్రానికి వేరే స్కూలు వెళ్లింది.

తిరుగు బస్సులో అడిగింది. "మీకు ముందే తెలుసాండీ మాస్టారూ?"

"తెలీదమ్మా. నేనూ తొంభై ఏడు దగ్గరే ఆపేశాను."

పిల్లల ముందు తెలీదనడం నా సర్వీసులో అదే మొదలు. ఇప్పుడు బోర్డు మీద ఏ సంఖ్యని పరీక్షించినా, ఎంతవరకు చూశానో పక్కన రాసి పెడతాను. పిల్లలు అక్కణ్నుంచి అందుకుంటారు.