రమణమ్మ పలకని క్రియ

2023లో ఆమదాలవలసలో, ఎరువుల కొట్టు మీది గదిలో సాయంత్రాలు ఇటాలియన్ నేర్పేదాన్ని. అంతకుముందు కొన్నేళ్ళు నేను ఇటలీలో బదాంతేగా పనిచేశాను. బదాంతే అంటే ముసలివాళ్ళ ఇంట్లోనే ఉండి వాళ్ళను కనిపెట్టుకునే మనిషి. ఆ పనికి వెళ్ళేవాళ్ళకి వ్యాకరణం తరవాత, ముందు క్రియలు రావాలి. మంజారే అంటే తినడం, దోర్మిరే అంటే నిద్రపోవడం, లవారే అంటే కడగడం. నోటితో అంటూ చేత్తో చేసి చూపించాలి, అదీ నా పద్ధతి. కింది నుంచి వచ్చే ఎరువుల ఘాటుకు తుమ్ముతూనే నేర్చుకునేవాళ్ళు.

చీపురుపల్లి దగ్గర పల్లె నుంచి రైల్లో వచ్చే రమణమ్మ అందరికంటే చురుకు. మోరిరే దగ్గర మాత్రం నోరు నొక్కేసుకుంది. చనిపోవడం అని ఆ మాటకు అర్థం.

“దీపాలెట్టే ఏళ ఆ మాటేటండి మేడమ్? తథాస్తు దేవతలుంటారు.”

“నువ్వు వెళ్ళేది ముసలివాళ్ళ దగ్గరకి తల్లీ, పెళ్ళివారింటికి కాదు,” అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె మాత్రం పలకనే లేదు.

ఇటలీ వెళ్ళిన మొదటి చలికాలంలోనే రమణమ్మ ఒక మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి భోరుమంది. తను చూసుకునే పెద్దావిడ నిద్రలోనే పోయింది. ఆవిడ కూతురు వేరే ఊళ్ళో ఉంటుంది. ఆ కూతురికి ఫోన్ చేసి రమణమ్మ “స్తా మాలే” అంది, అంటే ఒంట్లో బాగోలేదని.

“పోయిందని చెప్పలేదా?”

“ఒక్కర్తీ కారు తోలుకుని రావాల కదండి. ఒక్కపాలే సెప్పీస్తే గుండాగిపోదేటి? మనకాడ సీరియస్ అనే కదా సెప్తాం. ఆవిడేమో ఫోను అమ్మ సెవికాడ ఎట్టమంది. ఎట్టినాను మేడమ్. దారంతా అమ్మతోటి మాటాడతానే ఉన్నాది.”

కూతురు వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. అప్పటికే చల్లబడిపోయింది. ఆమె అరవలేదట, రమణమ్మను సామాను సర్దుకోమంది అంతే.

“నాను తప్పు సేసినానా మేడమ్?” అని అడిగింది. జాలిపడే చేసింది. కానీ ఆ కూతురు కారులో కూర్చుని తల్లితో ఏమేం చెప్పుకుని ఉంటుందో అని ఇప్పటికీ తలుచుకుంటూనే ఉంటాను.

తరవాత రమణమ్మకు అక్కడే మరో ఇంట్లో పని దొరికింది. కిందటి వానాకాలంలో ఇక్కడ ఆమెను పెంచిన అక్క పోయింది. బావ కబురు పెడితే, ఇంకా శవం లేవకముందే ఆ పల్లెకి వెళ్ళాను.

“సీరియస్ అని సెప్పండి మేడమ్, సాలు. పిల్ల అక్కడ ఒక్కర్తే ఉన్నాది,” అంటూ ఆయన ఫోన్ నా చేతిలో పెట్టాడు.

“అక్క పోయింది రమణమ్మా,” అన్నాను.

రమణమ్మ అంది: “ఫోను అక్క సెవికాడ ఎట్టండి మేడమ్.”

పెట్టి, ముఖం పక్కకి తిప్పుకున్నాను.

ఇప్పుడు నా క్లాసులో మోరిరే మొదటి రోజే వస్తుంది. దీపాలు పెట్టే వేళైనా సరే, ఎదుటివాళ్ళ ముఖంలోకి చూస్తూ పైకి అనాల్సిందే. ముందు ఆ మాట చెప్పాలి. ఫోన్ చెవి దగ్గర పెట్టడం ఆ తరవాత.