వకీలుకు వకీలు

మా ఆయన మహబూబాబాద్‌లో క్రిమినల్ వకీలు. కొన్నేళ్లుగా ఆయన చూసేవన్నీ ఒక్కడి కేసులే. భూపాలపల్లి వైపు వాగుల్లో ఇసుక తోడి లారీలు నడిపే మనిషి, అడ్డొచ్చినవాళ్లను కొట్టించే మనిషి. నన్ను మాత్రం నోరారా వదినా అని పిలిచేవాడు. ఇంటికొస్తే చెప్పులు బయట విడిచి, "మా వదిన చేతి చాయ్ తాగితే సగం కేసు కొట్టేసినట్టే" అనేవాడు. నేనూ మురిసిపోయేదాన్ని, పిచ్చిమొహాన్ని!

మొగుళ్లపల్లి దగ్గర లారీకి అడ్డం నిలబడ్డ ఒక రైతు కాళ్లను వాడి మనుషులు విరగ్గొట్టారు. వాళ్లకు బెయిల్ తెచ్చింది మా ఆయనే. మా అక్కను చూడటానికి దవాఖానకు పోతే పక్క మంచం మీద ఆ రైతు కనిపించాడు. నేనెవరో అతని భార్యకు తెలియదు. "ఎవడో వకీలంటక్కా, గా లంగలను ఇడిపిచ్చిండు. వాని ఇంట్ల పీనుగెల్ల!" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రం మా ఆయనతో ఒక్కటే మాట అన్నాను. "ఇగ చాలు. వాని కేసులు ఇడిసిపెడతవా, నన్ను పొమ్మంటవా?" మర్నాడు ఆయన వాడి కేసుల్లో వకాలత్ వదులుకుంటున్నానని కోర్టులో అర్జీ పెట్టాడు. ఆ మనిషి కోపం చేయలేదు. ఫోన్ చేసి, "అన్నకు పానం బాగలేదా వదినా?" అని అడిగాడు. ఆ మెత్తదనం విన్నాక ఆ రాత్రి తలుపు గడియ రెండుసార్లు చూసుకున్నాను.

వారం తిరక్కుండానే పోలీసులు వచ్చి ఆయన్ను తీసుకుపోయారు. ఇసుకకు దొంగ పర్మిట్లు చేయించింది వకీలు సాబేనని ఆ మనిషి లారీ డ్రైవర్ ఒకడు చెప్పాడట. ఆయన చేయించలేదు. అవి దొంగవని తెలిసీ కోర్టులో పెట్టాడు, అంతే. ఆ "అంతే" ఎవరికి చెప్పుకోను?

రోజూ ఆయనతో చాయ్ తాగిన వకీళ్లెవరూ నా ఫోన్ ఎత్తలేదు. జనగామ పోయి, ఆయనకు పని నేర్పిన సీనియర్‌ను బతిమాలాను. పెద్దాయన తలుపు దగ్గరే నిలబెట్టి, "బిడ్డా, వాళ్లతోని పెట్టుకునుడు నాతోని కాదు. నాకు గూడ పిల్లలున్నరు" అన్నాడు. థూ, వీళ్లకు నల్లకోట్లెందుకు!

కోర్టుకు తెచ్చేసరికి ఆయన ముఖం పీక్కుపోయింది. అసలే షుగర్ మనిషి, స్టేషన్‌లో ఇన్సులిన్ వేసుకోనిచ్చారో లేదో. వరండాలో గోడకు ఆనుకుని కూలబడ్డాడు. అప్పుడు మేమెన్నడూ చూడని వకీలు ఒకడు వచ్చి, వకాలత్ కాగితం, పెన్ను ఆయన ముందు పెట్టాడు.

"మీరెవలు సారూ? మిమ్ములను ఎవలు పంపిన్రు?" అన్నాను.

అతను పక్కకు జరిగి నిలబడ్డాడు. వెనకాల ఆ మనిషి, రెండు చేతులూ జోడించి. "పరేషాన్ గాకు వదినా. అన్న మనోడు. మనోణ్ని మనం ఇడిసిపెడతమా?"

మా ఆయన పెన్ను ముట్టలేదు. "సంతకం పెడితే బతికినన్ని దినాలు మళ్ల వీని దగ్గర్నే" అన్నాడు నాకు మాత్రమే వినపడేలా. "పెట్టాల్నా, వద్దా? నువ్వే చెప్పు."

ఇంకో వకీలు రాడు; ఇంకో రాత్రి లోపలుంటే ఆయన నాకు దక్కడు. పెన్ను తీసి ఆయన వేళ్ల మధ్య నేనే పెట్టాను. "పెట్టు" అన్నాను.