ఆరు జతల ట్యాన్ బూట్లు

"సార్, నా బూట్లు మీరేసుకొని పోయిన్రు. పదకొండుకు ఇంటర్వ్యూ ఉన్నది నాకు!"

ఫోన్లో నా శిష్యుడు మల్లేశ్. చిక్కడపల్లిలో మా గుమ్మం ముందు నిలబడి కాళ్లవైపు చూసుకున్నాను. దారిలో వదులుగా అనిపిస్తే, రోజూ నడుస్తున్నాను కదా, పాదాలు సన్నబడ్డాయనుకున్నాను.

పత్రికలో పనిచేసి రిటైరయ్యాక అశోక్ నగర్‌లో ఒక గదిలో సర్కారు కొలువుల అభ్యర్థులకు నమూనా ఇంటర్వ్యూలు చేస్తున్నాను. ట్యాన్ అంటే వాళ్లకు లెక్కల్లో సైన్, కాస్ తర్వాత వచ్చేది, మా ఆవిడకు ఎండకు కమిలిన నా మొహం, నాకు బూట్ల లేత గోధుమ రంగు. "అందరూ నలుపే వేస్తారు. మీరు ట్యాన్ వేయండి, వేరుగా కనిపిస్తారు" అని ఉపన్యాసమిచ్చాను. ఈసారి నా దగ్గర చేరిన ఐదుగురూ నేను చెప్పిన దుకాణంలోనే, అచ్చం నాలాంటివే కొన్నారు. ఆ ఉదయం ఆఖరి సాధనకు వచ్చి, గది బయట నావాటి పక్కనే విడిచారు.

నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర కలుద్దామని చెప్పి ఆటో ఎక్కాను. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. మళ్లీ ఫోన్.

"ఆగితే లేటయితది సార్. మీవే ఏసుకొని పోతున్న. జర టైటున్నయ్, గంతే."

సాయంత్రం భయంభయంగా అడిగాను. "ఎట్లా జరిగింది?"

"కుంటుతున్నవేంది అని బోర్డు పెద్దసారే అడిగిండు. మా గురువుగారి బూట్లు సార్ అన్న. అందరు నవ్విన్రు."

"మార్కులేసే నవ్వేనా?"

"నాకేం తెలుస్తది సార్!"

అప్పటినుంచి వేషం గురించి ఎవరికీ సలహాలివ్వడం లేదు. మల్లేశ్ ఫలితం ఇంకా రాలేదు.