అప్పాజీ మొండితాడి

సార్వా వరి కోతలై చేలల్లో మోళ్లు మాత్రమే మిగిలిన రోజుల్లో అప్పాజీకి చేతినిండా పని. రామచంద్రపురం చుట్టుపక్కల ఎలుకలను పట్టే బుట్టలు పెట్టేది అతనే. బుట్ట ఏ గట్టున పెట్టాలో ముప్పై ఏళ్లుగా అతనికి చెబుతున్నది మాత్రం సుబ్బాయమ్మగారి చేలోని మొండితాడి. తల విరిగిన ఆ చెట్టు తొర్రలో తెల్ల గుడ్లగూబలున్నాయి. అవి ఎలుకను పట్టుకుని ఎటునుంచి వస్తే, అతని బుట్టలు అటు వెళ్తాయి.

ఆ చెట్టును సోమవారం కొట్టించెయ్యమన్నారు సుబ్బాయమ్మగారు. మనవరాలు కీర్తిప్రియ తొలికాన్పుకు పుట్టింటికొచ్చింది. పెరటి వెనకే గుడ్లగూబ అరుస్తుంటే అపశకునమని సుబ్బాయమ్మగారికి కంటిమీద కునుకు లేదు.

ఆదివారం తెల్లవారుతూనే దుర్గాశ్రీ వచ్చింది. రాజమండ్రిలో కాలేజీ లెక్చరరు. ఏటా చలికాలం గద్దలనూ గుడ్లగూబలనూ చూడడానికి వస్తుంది, అప్పాజీ తిప్పి చూపిస్తాడు. మంచులో మోళ్లను రాసుకుంటున్నట్టు ఒక పిల్లిగద్ద తేలిపోయింది. ఆమె సంబరపడింది. అప్పాజీ అటు చూడలేదు.

"రేపు దీన్ని కొట్టేస్తున్నారండి మేడమ్" అన్నాడు, తాడి వైపు చూస్తూ. "రంపం వాళ్లకి నన్నే చెప్పమన్నారు."

"చెప్పారా?"

"ఇంకా నోరు రాలేదండి."

ఇంతలో శాలువా కప్పుకుని సుబ్బాయమ్మగారే గట్టు మీదికి వచ్చారు.

"ఒరేయ్ అప్పాజీ, పొద్దున్నే ఈ చుట్టాలెవర్రా?"

"మేడంగారండి. గుడ్లగూబల్ని చూద్దామని రాజమండ్రి నుంచి వచ్చారు."

"చోద్యం! ఎప్పుడు పోతాయా అని మేమేడుస్తుంటే, పెట్రోలు తగలేసుకుని చూడ్డానికొస్తారా?"

దుర్గాశ్రీ నవ్వి బైనాక్యులర్స్ అందించింది. "ఒక్కసారి చూడండి, పెద్దమ్మగారూ."

ఆవిడ అయిష్టంగానే కళ్లకు పెట్టుకున్నారు. తొర్ర అంచున మూడు పిల్లలు, మొహాలకు పౌడరు అద్దినట్టు. అంతలో తల్లి తూర్పు గట్టు మీంచి చప్పుడు లేకుండా వచ్చి వాలింది. కాళ్లలో ఎలుక. పిల్లలు మూడూ ఒక్కసారిగా బుసబుసమంటూ మీద పడ్డాయి.

సుబ్బాయమ్మగారు అద్దాలు చెంగుతో తుడిచి మళ్లీ చూశారు.

"ఎన్నాళ్ల పిల్లల్రా?"

"నెల దాటుంటుందండి."

"ఎగిరేదెప్పుడు?"

"ఇంకో నెల పడుతుందండి."

ఆవిడ ఇంటివైపు చూశారు. మేడమీద కీర్తిప్రియ గదిలో లైటు వెలుగుతోంది.

"పురిటింటి మీద రంపం పెట్టించానన్న మాట నాకెందుకు? పిల్లలు ఎగిరిపోయాక కొట్టించు. మర్చిపోయానన్నావంటే ఊరుకోను."

"ఆయ్, అలాగేనండి."

ఆవిడ పెరటి తలుపు దాటాక దుర్గాశ్రీ అడిగింది.

"తల్లి ఇక్కడే మళ్లీ గుడ్లు పెడుతుంది కదండీ?"

"ఈ పిల్లలు ఎగిరేలోపే పెట్టేస్తుందండి."

"మరి ఆవిడకి చెప్పలేదేం?"

"ఆవిడ అడగలేదండి" అని, అప్పాజీ బుట్టలు భుజానికెత్తుకుని తూర్పు గట్టు పట్టాడు.