సలోమి కాగితాల కోసం ములకలపల్లి దాకా

జూన్‌లో ఒక బుధవారం సలోమి ఫోన్ చేసింది. ఒకసారి ములకలపల్లి వచ్చి పొమ్మని, ఫోన్లో చెప్పేది కాదని అంది. ఎందుకు పిలుస్తోందో నాకు తెలుసనుకున్నాను. సలోమి తొమ్మిదేళ్లు బాస్కెట్‌బాల్ ఆడింది, మొదట జిల్లాకు, తర్వాత రాష్ట్రానికి. ఇప్పుడు కోల్‌కతాలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఆమెను గోల్‌కీపర్‌గా తీసుకుంటానంది, నెల జీతం మీద. ఆడపిల్ల బంతి ఆడితే జీతమిస్తామన్న మాట మా జిల్లాలో నేను వినడం అదే మొదలు. కానీ వచ్చే సోమవారానికల్లా అక్కడ ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. అవేమో బాస్కెట్‌బాల్ సంఘం సెక్రటరీ బీరువాలో ఉన్నాయి. పిల్లలు ఇంకో జట్టుకు పోకుండా కాగితాలు తమ దగ్గరే పెట్టుకోవడం ఆ సంఘం పద్ధతి. ఆటగత్తెలనుకున్నారా, పలుపు వేసి కట్టేసే పశువులనుకున్నారా అని నెల కిందటే ఒక పత్రికలో వ్యాసం రాశాను. రెండో దెబ్బ కొట్టమని పిలుస్తోందనుకుని, శుక్రవారం నోట్‌బుక్కు సర్దుకుని బయల్దేరాను.

అటు వెళ్లాలనుకునేవాళ్లు ఖమ్మంలో ఉదయం ఆరింటికల్లా కొత్తగూడెం బస్సు ఎక్కండి. రెండున్నర గంటల ప్రయాణం. అక్కడ టిఫిన్ చేసి, పాల్వంచ వెళ్లి, ములకలపల్లి షేర్ ఆటో పట్టుకోవాలి. బస్సు ఉంది గానీ దాని టైము దానికే తెలియదు. ఆటోకు ఇరవై రూపాయలు, పదకొండు మంది నిండితేగానీ కదలదు. భద్రాచలం వెళ్లే రోడ్డు భక్తుల కార్ల కోసం నున్నగా ఉంటుంది. అడవిలో ఊళ్లకు చీలే రోడ్డు మాత్రం ఎన్నికలప్పుడు కంకర కుప్పలు చూస్తుంది, ఆ తర్వాత కుప్పలూ ఉండవు. టేకు చెట్లు బాగున్నాయని రాయమంటారా? బాగున్నాయి. నడుం విరిగాక ఎవరికి కనిపిస్తాయి?

ఆటో డ్రైవర్‌కు సలోమి తెలుసు. "ఆ పొడుగు పిల్లనా మేడం? గిప్పుడు కాళ్లతోటి ఆడుతదట గదా. చేతులకేమైంది?" అన్నాడు. గోల్‌కీపర్ ఆడేది చేతులతోనేనని చెక్‌పోస్టు దాటేదాకా వివరించాను. అంతా విని, "అయితే పాత పనే, జాగా మారింది" అని తేల్చేశాడు.

పదకొండింటికి చేరేసరికి సలోమి హాస్టల్ గ్రౌండ్‌లో, పాతిన రెండు వెదుళ్ల మధ్య నిలబడి ఉంది. హాస్టల్ పిల్లలు వరసగా బంతి తంతున్నారు. పట్టడంలో తిరుగులేదు. పట్టాక మాత్రం ఒక పాదం నేలకు అతుక్కుపోయి, దాని మీదే గిరగిరా తిరుగుతోంది. బాస్కెట్‌బాల్‌లో బంతి చేత పట్టుకుని ఆ పాదం లేపితే విజిల్ వేస్తారు. ఇక్కడ పరుగెత్తుకొచ్చి విసరొచ్చని బుర్రకు తెలుసట, కాలికి ఇంకా తెలియలేదట. పిల్లలు "కదులక్కా, ఎవ్వరేమనరు" అని నవ్వుతున్నారు.

వాళ్లమ్మ మార్తమ్మ ఆ హాస్టల్లోనే వంటమనిషి. మధ్యాహ్నం చింతచిగురు పప్పు, కోడిగుడ్ల పులుసు వడ్డించి, అన్నం ముందు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. పంట గురించి, పిల్లల జ్వరాల గురించి అయ్యాక, "ప్రభువా, ఈ మేడం మనసు మెత్తగ చెయ్యి, నా బిడ్డ కాగితాలు ఇప్పియ్యి" అంది. నేను కళ్లు తెరిచాను. మెత్తబడాల్సింది సెక్రటరీ మనసు కదా, మధ్యలో నాదెందుకు?

అప్పుడు చెప్పారు. అంతకుముందు ఇద్దరు పిల్లలు స్వీటు డబ్బాతో ఆయన ఇంటికి వెళ్లి, గుమ్మంలో కాసేపు నిలబడి, నాలుగు చీవాట్లు తిని కాగితాలు తెచ్చుకున్నారట. సలోమి కూడా అట్లాగే వెళ్దామనుకుంది. ఈలోగా నా వ్యాసం వచ్చింది, అందులో ఆమె పేరుతో సహా. రాసినావిడ తప్పు రాశానని తన చేతి రాతతో ఇస్తే తప్ప బీరువా తెరవనని ఆయన కూర్చున్నాడు.

నాకు ఒళ్లు మండింది. సమాచార హక్కు చట్టం ఉంది, కలెక్టర్ ఉన్నాడు, కోర్టు ఉంది అన్నాను. సలోమి పళ్లెంలో చేయి పెట్టకుండా విన్నది.

"అవ్ మేడం, గెలుస్తం. ఎన్నేండ్లకు? నాకిప్పుడే ఇరవై మూడు. నా పేరు ఎయ్యమని నేనన్ననా?"

సలోమి నా సంచిలోంచి నోట్‌బుక్కు తీసి నా ముందు పెట్టింది.

"మీరు రాసింది నిజమే. అండ్ల అబద్ధం ఒక్కటి లేదు. అబద్ధమని రాసియ్యుండ్రి."

నోట్‌బుక్కులో మూడు వాక్యాలు రాసిచ్చాను. చదివి, ఇంకొంచెం వంగాలంది. "తెలిసీ తెలియక అని పెట్టుండ్రి. ఆయనకు ఆ మాట ఇష్టం." ఇరవై ఏళ్లుగా ఎవరి ముందూ వంచని కలంతో 'తెలిసీ తెలియక' అని రాసి సంతకం పెట్టాను. మార్తమ్మ అన్నం మీద ఇంకో గరిటె పప్పు వేసింది.

మూడింటికి బయల్దేరి ఇద్దరం సెక్రటరీ ఉండే కొత్తగూడెం వచ్చాం. నన్ను చూస్తే ఆయనకు మళ్లీ కోపమొస్తుందని సలోమి నన్ను బస్టాండులోనే కూర్చోబెట్టింది. గంట తర్వాత ఫైలు చంకలో పెట్టుకుని వచ్చింది. ఆయన టీ ఇప్పించాడట. ఉత్తరం రెండుసార్లు పైకి చదివించుకుని, ఫ్రేము కట్టిస్తానన్నాడట. బస్సెక్కుతూ, మళ్లీ రాస్తే తన పేరు పెట్టొద్దంది.

కోల్‌కతాలో సంతకం అయిందని ఆమె ఫోన్ చేసేదాకా ఆగి ఇది రాస్తున్నాను. సలోమి, మార్తమ్మ మార్చిన పేర్లు, ఈసారి అడిగే మార్చాను. ఆ క్షమాపణలో ఒక్క మాటా నిజం కాదని ఇక్కడ రాయడం సులువే, రాస్తున్నాను. ఏం ఒరిగింది? నా వ్యాసం చదివి మెచ్చుకున్నవాళ్లంతా ఖమ్మంలో, హైదరాబాదులో ఉన్నారు. ఆ బీరువాలో ఇంకా మిగిలిన పిల్లల కాగితాలున్నాయి. వాళ్లలో ఒక్కరూ నాకు ఫోన్ చేయలేదు. చేయరు కూడా. నిజం రాసే మనిషి తమ ఊరికి రాకుండా ఉంటే చాలని వాళ్లు అనుకునేలా చేసింది ఆ సెక్రటరీ ఒక్కడే అని వాదించాలని ఉంది. వాదించలేకపోతున్నాను.

ప్రయాణికులకు ఒక సలహా. మీ పిల్లను ఎక్కడికి ఆటకు తీసుకెళ్లినా జిరాక్సు కాపీలే ఇవ్వండి. ఒరిజినల్స్ ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, ముందు వాటిని ఇంటికి తెచ్చుకోండి, ఆ తర్వాతే నాలాంటివాళ్లకు చెప్పండి.