టెలిగ్రాం వచ్చిన రోజు మొగిలమ్మ

మొగుడి సంగతి టెలిగ్రాం వస్తే ఒక్క కన్నీటి చుక్క రాల్చకుండా కూర్చుని రామకోటి రాసుకుందట మొగిలమ్మ, అది గుండె కాదు బండ అని కొత్తవాడలో ఇప్పటికీ అంటారు. అనేవాళ్లెవరూ చివరిదాకా ఆ వాకిట్లో లేరు. ఉన్నది పక్కింటి పోశవ్వ. జరిగింది జరిగినట్టు తెలియాలంటే ఆమె చూసింది చెప్పాలి.

మొగిలమ్మ, వెంకట్రాజం జంపఖానాలు నేసేవాళ్లు. ఇక్కడ పని చాలక ఎనభై మూడులో అతను భివండి మరమగ్గాలకు పోయాడు. ఆ కొత్తలో ఉత్తరం నాలుగు రోజులు ఆలస్యమైతే చాలు, మొగిలమ్మ మగ్గం ఎక్కేది కాదు, గడపలోనే కూర్చునేది. రామాలయంలో భజన చెప్పే వీరభద్రం అది చూసి, ఒక నోటుబుక్కు ఇచ్చి, చేయి పట్టి 'శ్రీరామ' అని దిద్దించాడు. ఆమెకు వచ్చిన చదువంతా ఆ మూడక్షరాలే. దినానికి నూట ఎనిమిది సార్లు రాయాలి.

"ఫికరున్న నాడే రాస్తే కాదు బిడ్డా. ఏ ఫికరు లేని నాడు గూడ రాయాలె. అప్పుడే ఫికరచ్చిన నాడు మనసు మాట ఇంటది," అన్నాడు.

పోశవ్వకు మొదట్లో ఇదంతా నవ్వులాట. పిట్టగోడ మీంచి తొంగి చూసి, ఎన్నయినయి బిడ్డా, రాముడింక పలుకలేదా అని ఎగతాళి చేసేది. మొగిలమ్మ లెక్క తప్పి మళ్లీ మొదటికొచ్చేది. రాతలో పడి అన్నం మాడ్చిన రోజులూ ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి మాత్రం, ఉత్తరం రాకపోయినా రాత ముగించి, ఒక నిట్టూర్పు విడిచి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టడం నేర్చుకుంది.

టెలిగ్రాం వచ్చింది ఒక వానాకాలం మధ్యాహ్నం. తెచ్చినతను చేతిలో పెట్టి తలవంచుకుని పోయాడు. అది ఇంగ్లీషులో ఉంది. చదవగలిగిన లక్ష్మీనర్సయ్య సారు బడి నుంచి రావడానికి ఇంకా గంటపైనే ఉంది. ఆ రోజుల్లో టెలిగ్రాం అంటే చావు కబురే. పోశవ్వ ఆగలేదు. గుండెలు బాదుకుని శోకం పెట్టింది. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి గొంతు కలిపారు. వెంకట్రాజం మంచితనమంతా, మేడారం నుంచి తనకు తెచ్చిచ్చిన బెల్లం ముద్దతో సహా, పోశవ్వ ఏకరువు పెట్టింది. ఎవరో అప్పుడే మొగిలమ్మ గాజుల వైపు చూశారు.

మొగిలమ్మ ఆ కాగితాన్ని దేవుని పటం ముందు పెట్టి, నోటుబుక్కు తీసి, గోడకు ఆనుకుని రాయసాగింది. పోశవ్వ శోకం మధ్యలో ఆగి చూసింది. అక్షరాలు గీత దాటి పోతున్నాయి. కొట్టేసి మళ్లీ రాస్తోంది మొగిలమ్మ. ఏడవని మనిషి దగ్గర ఎంతసేపని ఏడుస్తారు? ఒక్కొక్కరే మూతి తిప్పుకుంటూ లేచిపోయారు. బండగుండె మాట వాళ్లతోనే వీధిలోకి పోయింది.

సారు వచ్చి చదివాడు. మరమగ్గంలో చేయి పడి రెండు వేళ్లు పోయాయట, దవాఖానలో ఉన్నాడట, ప్రాణానికి భయం లేదట. అప్పుడు ఏడ్చింది మొగిలమ్మ. పోశవ్వ ఒళ్లో తల పెట్టుకుని, కొంగంతా తడిసేలా ఏడ్చింది. చూడటానికి వాడకట్టు వాళ్లెవరూ లేరు.

వెంకట్రాజం ఎనిమిది వేళ్లతో తిరిగొచ్చి మగ్గానికి నూలు కండెలు చుట్టే పనిలో పడ్డాడు. బతికున్న మనిషికి శోకం పెట్టిన పోశవ్వ మాత్రం అతను ఎదురైతే పక్కకు తప్పుకునేది. మనసులో ఉన్నది అడగడానికి ఆమెకు ఏడాది పట్టింది. ఒక పొద్దున మొగిలమ్మ వాకిలి ఊడుస్తుంటే దగ్గరికి పోయింది.

"బిడ్డా, నీ మొగడు సచ్చిండని నేను ఏడుస్తాంటే నువ్వు అట్లెట్ల కూసున్నవే? భయం గాలేదా నీకు?"

మొగిలమ్మ చీపురు ఆపింది.

"భయం గాకేంది పెద్దమ్మా. నీతోని గలిసి ఏడిస్తే, ఆయన సచ్చిండని నేను గూడ ఒప్పుకున్నట్టే గదా. నూట ఎనిమిది అయ్యేదాంక ఒప్పుకోనని కూసున్న. అయినయి. సారింక రాలేదు. మల్ల ఒకటి నుంచి మొదలువెట్టిన."