నరసమ్మవ్వ ఇత్తడి బిళ్ళలు

1943లో బెంగళూరులో చిల్లరకు కరువొచ్చింది. యుద్ధం వల్ల నాణేలు తగ్గిపోయాయి, ఉన్నవాటిని జనం దాచుకున్నారు. నగర్తపేటలో నాది చిన్న కాఫీపొడి దుకాణం. భార్య పోయాక పైగదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి.

వీధిలో కొందరిలాగే నేనూ టోకెన్లు కొట్టించాను. టోకెన్ అంటే చిల్లరకు బదులు ఇచ్చే ఇత్తడి బిళ్ళ. మా దుకాణం గుర్తు ఉంటుంది, మా దగ్గర తప్ప ఎక్కడా చెల్లదు. అందుకే తీసుకున్నవాళ్ళు మరుసటి బేరంలోనే తిరిగి ఇచ్చేసేవారు.

నరసమ్మవ్వ మాత్రం ఇచ్చేది కాదు. మగ్గం నేసే భర్త పోయాక, పిల్లలు లేని ఆమె మా వెనక సందులో అద్దెగదిలో ఉండేది. అణా ఇచ్చి అర్ధణా పొడి కట్టించుకొని, మిగతా అర్ధణాకు నేనిచ్చిన బిళ్ళను కొంగున ముడేసుకునేది. కాసేపు గడప పక్కన కూర్చుని చలి గురించో, బియ్యం క్యూ గురించో చెప్పి వెళ్ళేది.

యుద్ధం ముగిశాక చిల్లర మళ్ళీ కనబడింది. బిళ్ళలు తెచ్చి డబ్బు తీసుకోమని అందరికీ చెప్పాను. ఆ మాట విన్నప్పటి నుంచి అవ్వ పొడికి కూడా రావడం మానేసింది. నేనే ఆమె గదికి వెళ్ళాను. పొయ్యి రాజేసిన జాడ లేదు, డబ్బా నిండా మాత్రం బిళ్ళలు. పస్తులుండి కూడా వీటిని ఎందుకు డబ్బుగా మార్చుకోలేదని అడిగాను.

అవ్వ డబ్బా మీద చెయ్యి పెట్టి అంది: "ఈ ఊర్లో నాకు బాకీ ఉండేది నువ్వొక్కడివేనప్పా. అది తీరిపోతే నన్ను తలుచుకునేదానికి ఎవురుండారు?"

బిళ్ళలన్నీ తీసుకుని డబ్బిచ్చాను. ఒక్కటి మాత్రం తిరిగి ఆమె చేతిలో పెట్టాను.

"దీనికి చిల్లర లేదవ్వా. రేపు దుకాణానికి రా."

నా జేబు గలగలమంటూనే ఉంది. ఆమెకు వినబడే ఉంటుంది.

"నిదానంగా ఇద్దువులేప్పా," అంది.

ఆ తర్వాత వచ్చినప్పుడల్లా చిల్లర వచ్చిందా అని అడిగేది. ఇంకా లేదనేవాణ్ణి. ఇద్దరం నవ్వేవాళ్ళం కాదు.

కొన్నాళ్ళకు ఆమె చెల్లెలి కూతురు వచ్చి హిందూపురానికి తీసుకుపోయింది. నాకు తర్వాత తెలిసింది. బండెక్కేటప్పుడు పక్కింటివాళ్ళతో అందట: "కాఫీపొడి అప్ప నాకింకా అర్ధణా ఇయ్యాల. దానికోసరం మళ్ళా వస్తా."

బాకీలు ఎప్పటికప్పుడు తీర్చేయడమే వ్యాపారమని అంతవరకూ అనుకునేవాణ్ణి. ఒకరికి బాకీ ఉండడం కూడా మనిషికి తోడేనని ఆ మాట విన్న రోజు తెలిసింది. చాలా ఏళ్ళు, ఆమె వచ్చే వేళకు సందు వైపు చూస్తూ ఉండేవాణ్ణి. ఆమె రాలేదు.